కారు కంపెనీలు అచ్చువేసిన పాత వంట పుస్తకాలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

కార్లు తయారుచేసే సంస్థలు వంట పుస్తకాలు కూడా అచ్చువేశాయంటే మొదట ఎవరికీ నమ్మబుద్ధి కాదు. అమెరికాలో 1920ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఆ పని నిజంగానే జరిగింది. డెట్రాయిట్ శివార్లలో ఉంటూ, శనివారం పూట పాత ఇళ్లలో సామాన్లు అమ్మే చోట్లకు వెళ్లడం అలవాటు చేసుకున్న నేను అటువంటి పుస్తకాలు కొన్ని కొన్నాను, కొన్ని చూసి వదిలేశాను, ఒకటి రెండు కొని బాధపడ్డాను. ఇక్కడి వాహన పరిశ్రమలో పనిచేసే తెలుగువారు చాలామంది ఉన్నారు, మా ఇంటికి భోజనానికి వచ్చి అల్మరాలో వీటిని చూసిన మిత్రులు "మేమూ ఒకటి కొనాలంటే ఏది కొనమంటారు?" అని అడగడం మామూలైపోయింది. వారికి నోటితో చెప్పే మాటలనే ఇక్కడ కొంత పద్ధతిగా రాస్తున్నాను.

ముందుగా ఆ పుస్తకం దేన్ని అమ్మడం కోసం పుట్టిందో గమనించాలి. ఫోర్డ్ కంపెనీ తన వంట పుస్తకాలతో ప్రయాణాన్ని అమ్మింది. జనరల్ మోటార్స్, నాష్ సంస్థలు రిఫ్రిజిరేటర్లను అమ్మాయి. హెన్రీ ఫోర్డ్ స్వయంగా పూనుకుని వేయించిన చిన్న పుస్తకమైతే ఏకంగా ఒక పంటనే అమ్మజూసింది. వంటకం ఎంత వివరంగా ఉంటుంది, ఎంత నమ్మదగినది, చదవడానికి బాగుంటుందా, వండడానికి బాగుంటుందా అన్నవన్నీ ఆ ఉద్దేశాన్ని బట్టే మారిపోతాయి.

అందరూ మొదట వెతికేవి ఫోర్డ్ పుస్తకాలే. ఫోర్డ్ కంపెనీకి "ఫోర్డ్ టైమ్స్" అనే పత్రిక ఉండేది. మోడల్ టీ కారు వచ్చిన 1908లోనే అది మొదలై, మధ్యలో కొంతకాలం ఆగినా, 1993 దాకా నడిచింది. యుద్ధం తరువాతి రోజుల్లో అది జేబులో పట్టేంత చిన్న పుస్తకంగా వచ్చేది. డీలర్లు తమ ఖాతాదారుల ఇళ్లకు పంపేవారు. దారిలో ఎక్కడ ఆగి ఏం తినవచ్చో చెప్పే శీర్షిక ఒకటి అందులో ఉండేది. అందులో వచ్చిన హోటళ్ల వంటకాలను నాన్సీ కెనడీ ఒకచోట కూర్చగా 1950లో సైమన్ అండ్ షుస్టర్ సంస్థ "ఫోర్డ్ ట్రెజరీ ఆఫ్ ఫేవరెట్ రెసిపీస్ ఫ్రమ్ ఫేమస్ ఈటింగ్ ప్లేసెస్" అనే పేరుతో ప్రచురించింది. రెండవ సంపుటం 1954లో వచ్చింది. 1968లో "ఫోర్డ్ టైమ్స్ కుక్‌బుక్" వెలువడింది.

ఈ ఫోర్డ్ పుస్తకాల్లో ఒక పేజీ తెరిస్తే కనిపించేది ముందుగా వంటకం కాదు, బొమ్మ. చెట్ల కింద తెల్ల రంగు వేసిన చెక్క ఇల్లు, ముందు వరండా, పక్కన ఆగి ఉన్న కారు: నీటి రంగులతో వేసిన అటువంటి హోటల్ బొమ్మ కింద, అది ఏ ఊరికి ఎంత దూరంలో ఏ రహదారి మీద ఉందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో నాలుగు మాటల్లో ఉంటుంది. ఆ తరువాత మిగిలిన చోటులో వంటకం ఇమిడిపోవాలి. అందుకే చేసే విధానం చాలా చోట్ల మూడు నాలుగు వాక్యాలకు మించదు. వంట బాగా వచ్చినవారికి అది చాలు. కొత్తవారు మాత్రం మధ్యలో ఆగిపోతారు. మన పెద్దవాళ్లు "కాస్త ఉప్పు, తగినంత కారం, దోరగా వేయించి దించేయడమే" అని చెప్పినప్పుడు ఎలా ఉంటుందో, ఇక్కడా కొన్ని పేజీల్లో అలాగే ఉంటుంది. ఒక్కో హోటలు వారు తమకు తోచిన తీరులో ఇచ్చినవి కాబట్టి, పక్కపక్క పేజీల్లోనే ఒకటి అతి వివరంగానూ మరొకటి అతి క్లుప్తంగానూ కనిపించవచ్చు.

ఫోర్డ్ సంపుటాలలో ఏది మేలంటే నేను 1950 నాటి మొదటి దానికే ఓటు వేస్తాను, అందుకు కారణం వంట కాదు. అమెరికాలో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం 1956లో వచ్చింది. దాని తరువాత వేసిన వెడల్పాటి రోడ్లు ఊళ్లను పక్కన పెట్టి పోవడంతో, పాత రోడ్ల పక్కన బతికిన పూటకూళ్ల ఇళ్లు అనేకం మూతపడ్డాయి. 1950, 1954 సంపుటాలు ఆ మార్పుకు ముందున్న అమెరికాను ఊరూరా చూపిస్తాయి. మన విజయవాడ, హైదరాబాదు దారిలో బైపాస్‌లు పడ్డాక ఏయే ఊళ్ల కాఫీ హోటళ్లు వెలవెలబోయాయో ఎరిగినవారికి ఈ పుస్తకంలోని విషాదం వేరే చెప్పనక్కరలేదు. 1968 నాటి పుస్తకంలో వంట పుస్తకపు లక్షణాలు ఎక్కువ. ఇంట్లో వండడానికి, దారిలో తినడానికి రెండింటికీ పనికివచ్చేలా కూర్చారు. వండే ఉద్దేశంతో ఫోర్డ్ పుస్తకం ఒకటే కొనదలచినవారు 1968 నాటిది తీసుకోవచ్చు; చదువుకోవడానికి, చూసుకోవడానికి అయితే మొదటిదే.

బొమ్మల కోసం కొనేవారికి ఒక హెచ్చరిక. ఫోర్డ్ టైమ్స్‌కు బొమ్మలు వేసినవారిలో చార్లీ హార్పర్ ఒకరు. గీతలూ వృత్తాలూ త్రికోణాలతో ఆయన గీసిన పక్షుల బొమ్మలకు ఇవాళ ఎందరో అభిమానులున్నారు. ఆ పేరు చెప్పి ఫోర్డ్ పుస్తకాలన్నిటికీ ఎక్కువ ధర అడిగే అమ్మకందారులు ఉన్నారు. ఈ సంపుటాల్లో బొమ్మలు అనేకమంది చిత్రకారులవి. కాబట్టి హార్పర్ బొమ్మ ఏ పేజీలో ఉందో ఫోటో పంపమని అడిగి, చూశాకే డబ్బు పంపాలి. బొమ్మలు చట్రం కట్టించుకోవడానికి కొందరు పేజీలు కోసేస్తారు కనుక, పేజీ సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేవో చూడడం తప్పనిసరి. నేను మొదట కొన్న ప్రతిలో మూడు ఆకులు బ్లేడుతో ఎంత నాజూకుగా కోసి ఉన్నాయంటే, ఇంటికి వచ్చి చదువుతుండగా ఒక వంటకం తలా తోకా లేకుండా ముగిసిపోయే దాకా నాకు తెలియలేదు.

ఇక జనరల్ మోటార్స్ దగ్గరకు వస్తే, పుస్తకం మీద ఆ కంపెనీ పేరు ముందుగా కంటబడదు. ఫ్రిజిడేర్ అనే రిఫ్రిజిరేటర్ల పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఫ్రిజిడేర్ 1919 నుంచి 1979 వరకు, అంటే 60 ఏళ్లపాటు, జనరల్ మోటార్స్ చేతిలోనే ఉంది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నుంచి 1927లో "ఫ్రిజిడేర్ ఫ్రోజెన్ డిలైట్స్", 1928లో "ఫ్రిజిడేర్ రెసిపీస్" వెలువడ్డాయి. అప్పటికి ఇంట్లో విద్యుత్ రిఫ్రిజిరేటర్ అంటే చాలా కుటుంబాలకు కొత్త వస్తువు. పాలు విరగకుండా ఉంచడానికి ఐసు పెట్టె ఉండగా ఇంత ఖరీదు పెట్టి మర ఎందుకు అనే ప్రశ్నకు ఈ పుస్తకాలే సమాధానం. ఐసు పెట్టెలో చేయలేనివి, అంటే మూస్‌లు (గిలకొట్టిన మీగడతో చేసే మిఠాయిలు), షర్బత్తులు, గడ్డకట్టించిన సలాడ్లు, ఐస్‌క్రీములు, పుస్తకం నిండా ఉంటాయి.

వండే విధానం వివరంగా చెప్పడంలో ఈ పుస్తకాలు ఫోర్డ్ వాటికన్నా ఒక మెట్టు పైనే ఉన్నాయి. వంటకం చెడిపోతే గృహిణి మరను తిడుతుంది కదా! అందుకే కొలతలు కచ్చితంగా ఉంటాయి. చల్లదనం మీట ఎక్కడ పెట్టాలో, ట్రేలో పోసినదాన్ని ఎప్పుడు బయటకు తీసి గిలకొట్టాలో చెబుతారు. ఆ గిలకొట్టడం వెనుక ఉన్న కారణం తెలుసుకుంటే ఈ వంటకాలు ఎన్నడూ చెడవు. కదపకుండా గడ్డకట్టించిన పాలలో నీరు పెద్ద పెద్ద పలుకులుగా మారి నోటికి ఇసుకలా తగులుతుంది. దాన్ని అడ్డుకోవాలంటే మధ్యలో చిలకాలి, లేదా కొవ్వు, గాలి, చక్కెర, జెలటిన్ వంటివి దండిగా కలపాలి. పాలను సగానికి మరిగించి కుల్ఫీ పోసేవారు చేసేది కూడా వేరొక దారిలో ఇదే పని. ఇప్పటి ఫ్రీజర్లు మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేస్తాయి. 1928 నాటి మంచు అరకు అంత చలువ లేదు. కాబట్టి పుస్తకంలో చెప్పినన్ని గంటలు ఉంచితే రాయిలా గట్టిపడుతుంది. వడ్డించే ముందు పదిహేను నిమిషాలు బయట ఉంచవలసి వస్తుంది.

శాకాహారులు ఈ పుస్తకాలు కొనేముందు జెలటిన్ సంగతి ఆలోచించుకోవాలి. అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసిన పదార్థం; ఫ్రిజిడేర్ వంటకాల్లో తరచుగా తగులుతుంది. బదులుగా మన చైనాగ్రాస్ వాడవచ్చు గాని, అది జెలటిన్‌లా గోరువెచ్చని నీళ్లలో కరగదు, మరిగించాలి. పైగా గది వేడిమిలోనే గడ్డకట్టుకుపోతుంది. మొదటిసారి నేను పుస్తకంలో రాసినట్టే చల్లటి మీగడలో దాన్ని పోయగానే సన్నని దారాల్లా విరిగి, చూడటానికి సేమ్యా పాయసంలా తయారైంది. మీగడను కూడా కాస్త వెచ్చబెట్టి, రెండూ వెచ్చగా ఉండగానే కలపాలని రెండవసారికి తెలిసింది. పచ్చి గుడ్డు తెల్లసొన వేసే వంటకాలు కూడా వీటిలో ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్నవారు వాటి జోలికి పోకపోవడమే క్షేమం.

ఒక పక్క మాట. 1928 నాటికి ఇళ్లలోని ఫ్రిజిడేర్ మరలలో తిరిగేది గంధకపు వాయువు, అంటే సల్ఫర్ డయాక్సైడ్. కారితే ఇల్లంతా ఘాటెక్కి జనం వీధిలోకి పరుగెత్తవలసిందే. దానికి బదులు జనరల్ మోటార్స్ తరఫున థామస్ మిడ్‌గ్లీ బృందం కనిపెట్టినదే ఫ్రియాన్. పెట్రోలులో సీసం కలిపే పద్ధతి కనిపెట్టింది కూడా ఈయనే. ఒకటి ఓజోన్ పొరను, మరొకటి నగరాల గాలిని పాడుచేశాయి. చల్లని మిఠాయిల పుస్తకం తిరగేస్తుంటే ఈ కథ గుర్తురాకుండా ఉండదు.

నాష్ సంగతి కొంచెం తిరకాసైనది. కెల్వినేటర్ పేరు మన ఇళ్లకు కొత్త కాదు. పెంగ్విన్ బొమ్మతో వచ్చిన ఆ ప్రకటన గుర్తున్నవారు ఇంకా ఉన్నారు. అదే కెల్వినేటర్ 1937లో నాష్ మోటార్స్‌తో కలిసిపోయి నాష్-కెల్వినేటర్ అయింది. 1954లో హడ్సన్ అనే మరో కార్ల సంస్థతో కలిసి అమెరికన్ మోటార్స్‌గా మారింది. 1968లో ఆ సంస్థ రిఫ్రిజిరేటర్ల వ్యాపారాన్ని అమ్మేసుకుంది. అంటే 1937కు ముందు అచ్చయిన కెల్వినేటర్ వంట పుస్తకం ఎంత అందంగా ఉన్నా అది కారు కంపెనీ పుస్తకం కాదు. అమ్మేవారు ఈ తేడా పట్టించుకోరు, సేకరించేవారు తప్పక పట్టించుకోవాలి. లోపలి అట్ట మీద నాష్-కెల్వినేటర్ కార్పొరేషన్ అని ఉందా లేదా అని చూస్తే సరిపోతుంది. వంటకాల విషయానికి వస్తే ఫ్రిజిడేర్ వాటికి దగ్గరగానే ఉంటాయి గనుక, రెండూ కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

ట్రక్కులు, ట్రాక్టర్లు చేసిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కూడా 1947 నుంచి 1955 వరకు రిఫ్రిజిరేటర్లు, ఫ్రీజర్లు అమ్మింది. వాటి కోసం ఇర్మా హార్డింగ్ అనే గృహిణిని సృష్టించింది. ఆమె పేరులోని తొలి అక్షరాలు కంపెనీ పేరులోవే. అటువంటి మనిషి ఎవరూ లేరు. ఆమె పేరుతో వచ్చిన వంట పుస్తకాలు పల్లె కుటుంబాల కోసం రాసినవి కాబట్టి, తోటలో ఒకేసారి విరగకాసిన కూరగాయలను ఫ్రీజర్‌లో ఎలా దాచాలి అన్నదానికే ప్రాధాన్యం. పెరట్లో టమాటాలు, చిక్కుళ్లు పండించి ఏం చేయాలో తోచక పంచిపెట్టే మన ప్రవాస కుటుంబాలకు, నిజం చెప్పాలంటే, ఈ మొత్తంలో అక్కరకొచ్చేది ఇదే. మహీంద్రా వారు ఇదే సంస్థతో కలిసి 1963 నుంచి మన దేశంలో బి-275 ట్రాక్టర్ చేశారు. రైతు కుటుంబాల నుంచి వచ్చినవారికి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఎర్ర ముద్ర చూస్తే చిన్న ముచ్చట.

హెన్రీ ఫోర్డ్ సోయా వంటల పుస్తకం వీటన్నిటికీ దూరంగా నిలిచే వింత వస్తువు. 1930ల్లో ఆయనకు సోయా చిక్కుడు మీద పిచ్చి పట్టింది. ఆ గింజల నుంచి కారుకు రంగు, గేరు కడ్డీ మీది గుబ్బ, హారన్ మీట చేయించారు. ఆహారం సంగతి చూడమని చిన్ననాటి మిత్రుడైన రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్సెల్ రుడిమన్‌కు అప్పగించారు. ఫోర్డ్ తన కొడుక్కు పెట్టుకున్నది ఈ మిత్రుడి పేరే. 1934 ఆగస్టులో షికాగో ప్రపంచ ప్రదర్శనలో జరిగిన విందులో టమాటా రసంలో సోయా సాస్, సోయా జున్ను కూరిన సెలరీ, సోయా కట్లెట్లు, సోయా రొట్టె, సోయా పిండితో ఆపిల్ పై, సోయా పాలతో కోకో, ఆఖరికి మిఠాయి కూడా సోయాతోనే వడ్డించారు. ఫోర్డ్ కంపెనీ ఊరైన డియర్‌బర్న్ నుంచి వెలువడిన సోయా వంటల పుస్తకం ఆ ఉత్సాహంలోంచి పుట్టినదే. మీల్‌మేకర్ కూర తింటూ పెరిగిన మనకు ఇది అంత వింతగా తోచకపోవచ్చు గాని, మసాలా అన్న మాట ఎరగని ఆ వంటకాలు రుచికి చప్పగా, పచ్చి వాసనతో ఉంటాయి. పలుచని చిన్న పుస్తకం కాబట్టి పాత ప్రతులు చినిగిపోయి కనిపిస్తాయి. చరిత్ర కోసమైతే కొనండి. వంట కోసం వద్దు.

కొన్నిటిని ఈ కోవలో కలిపి అమ్ముతుంటారు, మోసపోవద్దు. మిషెలిన్ టైర్ల కంపెనీ 1900 నుంచి వేస్తున్న గైడు హోటళ్ల జాబితా, వంట పుస్తకం కాదు. దారి పక్క హోటళ్ల గైడులు రాసిన డంకన్ హైన్స్ 1939లో వేసిన హోటల్ వంటకాల పుస్తకం ఫోర్డ్ సంపుటాలకు అన్నలాంటిది, వంటకాల ఎంపికలో వాటికన్నా నిలకడైనది కూడా, కానీ దాని వెనుక కారు కంపెనీ లేదు. కారు ఇంజను వేడి మీద వండే పద్ధతులు చెప్పే పుస్తకం ఒకటి 1989లో వచ్చింది. అది ఇద్దరు రచయితల హాస్యం, ఏ కంపెనీ ప్రచురణా కాదు.

ఏది కొన్నా భాష కొంత అడ్డు తగులుతుంది. పాత వంటకాల్లో ఓవెన్ వేడిని అంకెల్లో చెప్పకుండా "స్లో", "మోడరేట్", "హాట్" అని వదిలేస్తారు. మొదటిది సుమారు 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్, రెండవది 175 నుంచి 190, మూడవది 205 నుంచి 230 అనుకోవచ్చు. "ఓలియో" అంటే వనస్పతి వంటి మార్గరిన్. "నంబర్ 2 డబ్బా" అంటే దాదాపు రెండున్నర కప్పులు. "టాప్ మిల్క్" అంటే సీసాలో పాల మీద తేలిన మీగడ పాలు. హోమోజెనైజ్ చేసిన నేటి పాలలో అది తేలదు కనుక పాలు, క్రీమ్ చెరిసగం కలిపి వాడుకోవాలి. అమెరికన్ కప్పు 237 మిల్లీలీటర్లు. మన వంటింటి కాఫీ గ్లాసుతో కొలిచి, తరువాత పుస్తకాన్ని నిందించకూడదు.

ధర విషయంలో తొందర పనికిరాదు. ఫోర్డ్ సంపుటాలు విరివిగా అచ్చయ్యాయి కనుక "అరుదైనది" అని రాసిన చీటీకి డబ్బు ఇవ్వనక్కరలేదు. పై అట్ట చెక్కుచెదరకుండా ఉన్న మొదటి ముద్రణకు మాత్రం కాస్త ఎక్కువ పెట్టవచ్చు. 1928 నాటి ఫ్రిజిడేర్ పుస్తకానికి అమెరికాలో కాపీహక్కు కాలం తీరిపోయింది; వండడమే ఉద్దేశమైతే స్కాన్ ప్రతి వెతికి దించుకోవడం ఉత్తమం. అసలు ప్రతి కొనేటప్పుడు వెన్న మరకలకు భయపడకండి, అవి ఏ పేజీ వంటకం ఆ ఇంట్లో బాగా కుదిరిందో చెబుతాయి. చెమ్మ వాసనకు మాత్రం భయపడండి. నేలమాళిగలో పదేళ్లు పడి ఉన్న ప్రతిని తెచ్చి అల్మరాలో పెడితే పక్క పుస్తకాలకూ ఆ బూజు అంటుకుంటుంది. కాకినాడ, విశాఖ వంటి సముద్రతీరపు ఊళ్లకు తీసుకువెళ్లదలచినవారు ఇంకా జాగ్రత్తపడాలి. పుస్తకాన్ని మధ్యలో తెరిచి కుట్టు దగ్గర ముక్కు పెట్టి చూడండి. అమ్మేవారు వింతగా చూసినా ఫరవాలేదు.

ఒక్క పుస్తకమే కొంటానన్నవారికి నేను 1950 నాటి ఫోర్డ్ సంపుటం చెబుతాను, రెండవదానికి చోటుంటే ఇర్మా హార్డింగ్ పేరుతో వచ్చినది. ఐస్‌క్రీముల కోసం ఫ్రిజిడేర్ స్కాన్ ప్రతి చాలు. హైదరాబాదులో అబిడ్స్ ఆదివారం సంతలో ఇవి దొరుకుతాయేమోనని సెలవులకు వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. ఇప్పటిదాకా దొరికినవి కార్ల మరమ్మతు పుస్తకాలే.